పింగాణీ గిన్నె మీద మూడు తేనెటీగలు: ఇది ఏ ఊరి లాంఛనం?

పాతసామాను (ప్రెస్టన్)

అందరికీ నమస్కారం. ఉత్తర ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో ఉంటున్నాను. పోయిన శనివారం ఒక పాత వస్తువుల దుకాణంలో అరచేతిలో ఇమిడేంత చిన్న తెల్ల పింగాణీ గిన్నె కొన్నాను. దాని మీద ఒక డాలు బొమ్మ ఉంది. ఏదో పట్టణ కౌన్సిల్ వారి కోట్ ఆఫ్ ఆర్మ్స్, అంటే డాలు బొమ్మతో ఉండే అధికారిక లాంఛనం అని తెలుస్తూనే ఉంది కానీ, కింద రాసిన ఊరి పేరు పూర్తిగా చెరిగిపోయింది. లాటిన్ సూక్తిలో చివరి రెండు మాటలే మిగిలాయి: "ఎట్ లబోరే".

ఫోటో సరిగ్గా రావడం లేదు, మాటల్లో చెబుతాను. డాలు తెల్లగా ఉంది. నడుమ అడ్డంగా అలలు అలలుగా ఒక నల్లని పట్టీ. పట్టీకి పైన రెండు, కింద ఒకటి, మొత్తం మూడు తేనెటీగలు. డాలు పైభాగంలో ఆకుపచ్చ పట్టీ, అందులో వెండిరంగు కొమ్ముబూర, దానికి అటూ ఇటూ నిలువుగా సాగిన బంగారు డైమండ్ గుర్తులు. అన్నిటికన్నా పైన ఒక తెల్ల పిట్ట, రెక్కలు ఎత్తి, ఒక చిన్న పడవ మీద నిలబడి ఉంది. ముక్కున ఆకుల కొమ్మ ఉంది. ఇంకేదో సన్నని గీత కూడా ఉంది. గిన్నె అడుగున రెక్కలు చాచిన డేగ ముద్ర.

ఏ ఊరిదో ఎవరైనా చెప్పగలరా? ఇలాంటివి చదవడానికి పద్ధతి ఏమైనా ఉందా?

మాంచెస్టర్‌తెలుగు

ఇందులో ఆలోచించడానికేమీ లేదండి, మాంచెస్టర్! మా ఊరి సూక్తి "కాన్సిలియో ఎట్ లబోరే". ఆలోచనతోనూ శ్రమతోనూ అని అర్థం. తేనెటీగ మా ఊరి గుర్తు. చెత్తడబ్బాల మీద, వీధి గుంజల మీద, టౌన్ హాలు నేల మీద పరిచిన రాళ్లలో, ఎక్కడ చూసినా అదే. 2017లో అరీనాలో బాంబు పేలినప్పుడు ఊళ్లో ఎంతోమంది తేనెటీగను పచ్చబొట్టుగా పొడిపించుకున్నారు. నేను పొడిపించుకోలేదు కానీ, ఆ వారమంతా దుకాణాల అద్దాల మీద ఆ బొమ్మ చూసినప్పుడల్లా గొంతు పట్టేసినట్టు ఉండేది.

ముద్రాలేఖ (రాజమండ్రి)

మాంచెస్టర్ కాదనుకుంటానండి. మాంచెస్టర్ తేనెటీగలు డాలు మీద ఉండవు, పైన ఉన్న భూగోళం మీద ఎగురుతుంటాయి. డాలు ఎర్రనిది. దాని మీద ఏటవాలుగా మూడు బంగారు పట్టీలు, పైన తెరచాపలెత్తిన ఓడ. పాతసామాను గారి గిన్నె మీద డాలు తెల్లనిది, ఓడ లేదు. సూక్తిలో సగం కలిసినంత మాత్రాన ఊరు కలవదు.

పద్ధతి అడిగారు కదా, తెలిసింది చెబుతాను. నాకు అలవాటైనవి తామ్రశాసనాల ముద్రలు. వేంగి చాళుక్యుల శాసనం చూస్తే రేకులను కూర్చే వలయం మీద వరాహం, సూర్యచంద్రులు, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు ఉంటాయి. ఆ ముద్ర కనిపిస్తే చాలు, రేకు చదవకముందే అది ఎవరిదో తెలిసిపోతుంది. ఇంగ్లండ్ లాంఛనాలను మొదటిసారి చూసినప్పుడు నాకు పరాయివిగా అనిపించకపోవడానికి అదే కారణం.

కాకపోతే అక్కడ ఒక విశేషం ఉంది. లాంఛనం అంటే బొమ్మ కాదు, వాక్యం. దాన్ని బ్లేజన్ అంటారు. డాలు ఏ రంగు, దాని మీద ఏమున్నాయి, ఎన్ని, ఏ భంగిమలో, ఏ రంగులో అన్నది పాత ఫ్రెంచి మాటలు కలిసిన ఇంగ్లీషులో ఒకే వరసలో చెబుతారు. హక్కు ఆ వాక్యానిదే. చిత్రకారుడు లావుపాటి సింహం గీసినా, బక్క సింహం గీసినా వాక్యానికి సరిపోతే రెండూ సరైనవే. మన ధ్యానశ్లోకాలు కూడా ఇంతే కదా. ఒంటి రంగు, ఏ చేతిలో ఏ ఆయుధం, వాహనం ఏమిటి అని శ్లోకం చెబుతుంది. దాన్ని పట్టుకుని ఒక్కో స్థపతి ఒక్కో విగ్రహం చెక్కుతాడు.

కుడి ఎడమల విషయంలోనూ అంతే. కుడి అంటే చూసేవారి కుడి కాదు, డాలు పట్టుకున్నవాడి కుడి. అమ్మవారు స్వామికి ఎడమవైపు ఉంటారని మనం స్వామి వైపు నుంచే చెబుతాం కదా, అలాగే.

రేఖాచిత్ర (హైదరాబాద్)

నేను చిహ్నాలు, ప్రకటన బొమ్మలు గీసే పనిలో ఉన్నాను. వాక్యమే హక్కు అన్న మాట నాకు చాలా కొత్తగా ఉంది. మా పనిలో బొమ్మే సర్వస్వం. ఏ రంగు ఎంత పాళ్లలో కలపాలో కూడా అంకెల్లో రాసి పెడతాం, వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోం. అయితే ఒక సందేహం. తేనెటీగలు, కొమ్ముబూర, పిట్ట, పడవ, అలలు... ఇన్ని ఒకే డాలులో కుక్కితే దూరం నుంచి ఏం కనిపిస్తుంది?

ముద్రాలేఖ

ఆ లాంఛనాలు పుట్టిందే దూరం నుంచి కనిపించడానికి. ముఖం ఇనుప టోపీలో దాగిపోయిన యోధుణ్ని గుర్తుపట్టాలి. అందుకే రంగుల నియమం పెట్టారు. బంగారం, వెండి లోహాలు. పసుపు, తెలుపు గీసినా లోహాల కిందే లెక్క. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా వర్ణాలు. లోహం మీద లోహం పెట్టకూడదు, వర్ణం మీద వర్ణం పెట్టకూడదు. ఈ గిన్నెనే చూడండి. తెలుపు మీద నలుపు పట్టీ, ఆకుపచ్చ మీద బంగారం, వెండి. ఎక్కడా తప్పలేదు. తేనెటీగలను సహజమైన రంగులో గీయమని ఉంటే వాటికి ఈ నియమం వర్తించదు.

క్లైడ్‌గట్టు (గ్లాస్గో)

అన్ని లాంఛనాలూ యుద్ధంలోంచే వచ్చాయనుకోకండి. మా గ్లాస్గో డాలు మీద ఒక్క ఆయుధం కూడా లేదు. చెట్టు, పిట్ట, గంట, చేప. ఇక్కడి పిల్లలందరికీ ఒక పాత పదం నోటికి వచ్చు: ఎగరని పిట్ట, పెరగని చెట్టు, మోగని గంట, ఈదని చేప అని. నాలుగూ ఊరి మూలపురుషుడైన సెయింట్ మంగో కథల్లోంచి వచ్చినవే.

చేప కథ విన్నప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. రాణి తన ఉంగరాన్ని ఒక వీరుడికి ఇచ్చింది. రాజుకు తెలిసింది. ఆ వీరుడు నిద్రపోతుండగా రాజు ఉంగరం తీసుకుని నదిలోకి విసిరేసి, "నీ ఉంగరం ఏది?" అని రాణిని నిలదీశాడు. ఆమె మంగోను ఆశ్రయించింది. ఆయన పంపిన మనిషి క్లైడ్ నదిలో పట్టిన చేప నోట్లో ఆ ఉంగరం దొరికింది. మన శకుంతల ఉంగరాన్ని చేప మింగిన కథ వింటూ పెరిగిన నాకు, ఇక్కడ దీపస్తంభం మీద ఉంగరం కరుచుకున్న చేప కనిపించిన రోజున ఊరు సగం పరిచయమైనట్టు అనిపించింది.

స్కాట్లండ్‌లో ఇవన్నీ లార్డ్ లయన్ అనే అధికారి పరిధిలో ఉంటాయి. గ్లాస్గోకు 1866లో ఇచ్చారు. ఆయనకు సొంత న్యాయస్థానం ఉంది. నమోదు కాని లాంఛనం వాడితే 1672 నాటి చట్టం కింద ఇప్పటికీ నేరమే.

మాంచెస్టర్‌తెలుగు

మాంచెస్టర్ కాదన్నది ఒప్పుకుంటున్నాను. ఆ మూడు ఏటవాలు పట్టీలు మాత్రం మా ఊరి మూడు నదులే కదా? ఇర్వెల్, ఇర్క్, మెడ్‌లాక్. ఇక్కడ అందరూ అదే చెబుతారు.

ముద్రాలేఖ

ఊరంతా నమ్మే కథే, కానీ అవి ఒకప్పుడు మాంచెస్టర్ మీద భూస్వామ్యం ఉన్న గ్రెల్లీ వంశం వారి పట్టీలు. నదుల కథ తర్వాత అల్లుకున్నది. మీ ఓడ మాత్రం నాకు చాలా ఇష్టం. ఆ లాంఛనం ఇచ్చింది 1842లో. సముద్రపు ఓడలు ఊళ్లోకి రావడానికి తవ్విన కాలువ తెరిచింది 1894లో. ఊళ్లో రేవు లేనప్పుడే, 52 ఏళ్ల ముందే డాలు మీద ఓడ వేసుకున్నారు. అప్పటికి అది ఊరి ఓడ కాదు, ఊరి బట్ట ఎక్కి వెళ్లే ఓడ.

ఇంకో సంగతి. 1950లలో మాంచెస్టర్‌లోని ఒక నాటకశాల ఊరి లాంఛనాన్ని తన తెర పైభాగంలోనూ, సంస్థ ముద్రలోనూ వాడుకుంటే కార్పొరేషన్ దావా వేసింది. దాన్ని విచారించడానికి రెండు వందల ఏళ్లకు పైగా మూతపడి ఉన్న, లాంఛనాల తగాదాలు తీర్చే న్యాయస్థానం కోర్ట్ ఆఫ్ షివల్రీ 1954 డిసెంబరులో మళ్లీ కూర్చుంది. తీర్పు కార్పొరేషన్‌కే అనుకూలంగా వచ్చింది. ఆ తర్వాత ఆ న్యాయస్థానం మళ్లీ కూర్చోలేదు. ఊరి లాంఛనం ఊరివాళ్లందరిదీ కాదు, కౌన్సిల్ అనే సంస్థది మాత్రమే అని ఆ దావాతో అందరికీ తెలిసింది.

రేఖాచిత్ర

ఊరివాళ్లకు లేని హక్కు కాగితం మీది సంస్థకు ఉందా? మరి ఆ సంస్థే రద్దయిపోతే?

ముద్రాలేఖ

లాంఛనానికి యజమాని లేకుండా పోతాడు. 1974 ఏప్రిల్ 1న ఇంగ్లండ్‌లో పాత కౌన్సిళ్లను రద్దు చేసి కొత్తవి పెట్టినప్పుడు అదే జరిగింది. కొత్త కౌన్సిల్‌కు పాత లాంఛనం తనంతట తాను రాదు, రాజశాసనంతో బదిలీ చేయించుకోవాలి. లేదంటే కొత్తది అడగాలి. ఆ ఏడాదే పుట్టిన గ్రేటర్ మాంచెస్టర్ కౌంటీ కౌన్సిల్ తనలోని పది పట్టణాలకు గుర్తుగా పది బురుజులతో లాంఛనం తెచ్చుకుంది. 1986లో ఆ కౌన్సిల్‌నూ ఎత్తేశారు. ఇలా రద్దయిన కౌన్సిళ్ల లాంఛనాలు వంతెనల మీద, పాత గ్రంథాలయాల గుమ్మాల మీద ఇంకా ఉన్నాయి. నాకు అవి శిథిలాలయాల్లాగే కనిపిస్తాయి. పూజ ఆగింది, ద్వారపాలకులు మాత్రం నిలబడే ఉన్నారు.

పడుగుపేక (చీరాల)

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. నాకు ఇంగ్లండ్ గురించి ఏమీ తెలియదు. కానీ మొదటి టపా చదివినప్పటి నుంచి ఒకటే ఆలోచన. పాతసామాను గారూ, ఆ పిట్ట కాళ్ల కింద ఉన్నది నిజంగా పడవేనా? రెండు కొనలూ ఒకేలా మొనదేలి ఉన్నాయా? నడుమ తొట్టిలాగా పొడవుగా ఖాళీ ఉందా? మీరు చెప్పిన "సన్నని గీత" ఎక్కడి నుంచి మొదలవుతోంది?

పాతసామాను

భూతద్దం పెట్టి చూశానండి. మీరు చెప్పినట్టే ఉంది! రెండు కొనలూ ఒకేలా ఉన్నాయి, నడుమ ఖాళీ ఉంది. గీత ఆ ఖాళీలోంచి బయలుదేరి, మెలిక తిరిగి పిట్ట ముక్కులోకి వెళ్తోంది. మీకెలా తెలిసింది?

పడుగుపేక

అది పడవ కాదండి. నాడె. మగ్గం మీద పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తేది. ఆ ఖాళీలో కండె ఉంటుంది. కండెలోంచి వచ్చే దారమే మీ పిట్ట ముక్కున ఉంది. మా ఇంట్లో మా తాతగారి నాడె ఇప్పటికీ ఉంది. నా చిన్నప్పుడు మేమూ దాన్ని పడవ అనుకుని వర్షపు నీళ్లలో వదిలి దెబ్బలు తిన్నాం.

పైన ఆకుపచ్చ పట్టీలో నిలువుగా సాగిన డైమండ్ గుర్తులన్నారు. నూలు చుట్టిన కదురు కూడా అలాగే ఉంటుంది, నడుమ లావు, రెండు కొనలూ సన్నం. నాకు తెలిసి ఇది నేతగాళ్ల ఊరు.

ముద్రాలేఖ

పడుగుపేక గారూ, చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ సాగిన డైమండ్ గుర్తును ఇంగ్లీషు లాంఛన భాషలో ఫ్యూజిల్ అంటారు. కదురు అనే లాటిన్ మాటలోంచి వచ్చింది! నాకు ఆ మాట తెలుసు, అర్థమూ తెలుసు, గిన్నె మీద గుర్తుపట్టలేకపోయాను.

నాడె మీద నిలబడిన పావురం అనగానే ఊరు తేలిపోయింది. బ్లాక్‌బర్న్. పాతసామాను గారికి పక్క ఊరే. లాంఛనం ఇచ్చింది 1852లో, ఊరు మునిసిపాలిటీ అయిన మరుసటి ఏడాది. సూక్తి "ఆర్తే ఎట్ లబోరే". నైపుణ్యంతోనూ శ్రమతోనూ అని.

ఇప్పుడు డాలు మొత్తం చదవవచ్చు. నల్లని అలల పట్టీ ఊరి పేరే. బ్లాక్ అంటే నలుపు, బర్న్ అంటే వాగు. ఇలా పేరునే బొమ్మగా మార్చడం అక్కడి లాంఛనాల్లో చాలా ఉంది. ఆక్స్‌ఫర్డ్ డాలు మీద ఎద్దు రేవు దాటుతుంది. ఓల్డ్‌హామ్ డాలు మీద గుడ్లగూబలుంటాయి, గుడ్లగూబను వాళ్లు ఔల్ అంటారు కాబట్టి. మన అలంకారశాస్త్రం ప్రకారం ఇవన్నీ శ్లేషలు. కొమ్ముబూర మొదటి మేయర్ హార్న్‌బీ పేరులోని కొమ్ము. డైమండ్ గుర్తులు ఊరి భూస్వాములైన ఫీల్డెన్ కుటుంబం డాలు నుంచి కూడా వచ్చాయంటారు. కదురుకూ ఆ కుటుంబానికీ ఒకే గుర్తు సరిపోయింది. తేనెటీగ శ్రమకు గుర్తు, పైగా ఇంగ్లీషులో బీ. ఊరి మొదటి అక్షరమూ బీ.

అడుగున ఉన్న డేగ ముద్ర స్టోక్ పట్టణంలోని గాస్ కార్ఖానాది. రైలెక్కి ఊళ్లు చూడటానికి వెళ్లే మామూలు జనం గుర్తుగా కొనుక్కుపోవడానికి ఊరూరి లాంఛనాలతో వాళ్లు ఇలాంటి చిన్న గిన్నెలు చేసేవారు.

క్లైడ్‌గట్టు

అంటే నల్లవాగు! మెదక్ వైపు మా అమ్మమ్మగారి ఊరి దగ్గర కూడా నల్లవాగు ఉంది. ఇకనుంచి బ్లాక్‌బర్న్ బోర్డు చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

మాంచెస్టర్‌తెలుగు

"ఆర్తే ఎట్ లబోరే" నాకు తట్టనందుకు బాధగా ఉంది. బ్లాక్‌బర్న్ రోవర్స్ ఫుట్‌బాల్ జట్టు చిహ్నం మీద ప్రతివారం చూస్తున్నదే. 2010లో ఆ జట్టును కొన్న వెంకీస్ కూడా హైదరాబాద్‌లో ఒక తెలుగువారు మొదలుపెట్టిన సంస్థ.

పడుగుపేక

బ్లాక్‌బర్న్ అని తెలిశాక రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్నగారికి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన పంచెలు నేసిన ఊరు" అన్నారు.

మాంచెస్టర్ పేరు అందరికీ తెలుసు. కానీ మన దేశం కోసం పంచెలను ప్రత్యేకంగా మరమగ్గాల మీద నేసి పంపిన ఊళ్లలో బ్లాక్‌బర్న్ పెద్దది. అంతకు ముందు ఒక కాలం ఉండేది. మచిలీపట్నం అద్దకం బట్టల మీద ఇంగ్లండ్ జనం ఎంత మోజు పడ్డారంటే, వాటిని ఆపడానికి 1700లో ఒకసారి, 1721లో మరోసారి చట్టాలు చేశారు. మన బట్టను చట్టంతో ఆపి, తర్వాత తమ బట్టను ఓడల్లో దింపారు. ఆ డాలు మీద మూడు తేనెటీగలు శ్రమకు గుర్తులంటే నాకు కోపం రాదు, ఆ శ్రమ నిజమే. కానీ ఆ పావురం ముక్కున ఉన్న ఆకుల కొమ్మ శాంతికి గుర్తు అంటే మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. ఆ నాడె మా ఇళ్లలోకి శాంతి తేలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. బ్లాక్‌బర్న్‌వాళ్లు మునిసిపాలిటీ వచ్చిన మరుసటి ఏడాదే డాలు తెచ్చుకున్నారు. మా చీరాలకు మునిసిపాలిటీ ఇస్తే ఏం చేశామో తెలుసు కదా. ఆ పన్నులు మోయలేం, మాకొద్దు అని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట చీరాల, పేరాల జనం ఊరే ఖాళీ చేశారు. బయట రామనగరం అని పాకలు వేసుకుని సుమారు 11 నెలలు ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. మాకు డాలు లేదు. ఉండి ఉంటే దాని మీద ఒక తాటాకు పాక వేయమనేవాణ్ని.

మాంచెస్టర్‌తెలుగు

మీ మాట కాదనలేను. ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి. ఇక్కడి మిల్లు కార్మికుడూ ఆ ఓడకు యజమాని కాదు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి 1861 నుంచి పత్తి రావడం ఆగిపోయినప్పుడు ఈ ఊళ్లు పస్తులున్నాయి. అయినా బానిసలు పండించే పత్తి మాకొద్దని మాంచెస్టర్ కార్మికులు సభ పెట్టి లింకన్‌కు రాశారు. 1863 జనవరిలో ఆయన జవాబు రాశారు. ఆయన విగ్రహం ఇక్కడ ఇప్పటికీ ఉంది.

1931లో గాంధీగారు రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చినప్పుడు సెప్టెంబరులో బ్లాక్‌బర్న్ పక్కనే ఉన్న డార్వెన్‌కు వచ్చారు. విదేశీ బట్ట బహిష్కరణ వల్ల పని పోయిన మిల్లు మనుషులు ఆయన్ను చుట్టుముట్టి చప్పట్లు కొట్టారు. ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. డార్వెన్ పాత డాలు మీద ఉన్నవి పత్తికొమ్మలు. సూక్తికి అర్థం, శ్రమ లేనిదే ఏదీ లేదు. ఇప్పుడు ఆ రెండు ఊళ్లూ ఒకే కౌన్సిల్ కింద ఉన్నాయి.

పడుగుపేక

ఆ ఫోటో మా మగ్గాల షెడ్డులో గోడకు ఉండేదండి. అందులోని ఆడవాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తు. ఆ ఊరి డాలు మీద పత్తి ఉందని తెలియదు. వాళ్ల చేతుల మీద నాకు కోపం లేదు.

రేఖాచిత్ర

ఇక్కడ మొదట అడిగిన ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నాను. ఇన్ని కుక్కితే ఏం కనిపిస్తుంది అన్నాను. నేను గీసే చిహ్నాల్లో ఇంత మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. నిన్న కూర్చుని పడుగుపేక గారి మాట పట్టుకుని ఒక డాలు వాక్యం రాశాను: "ఇసుకరంగు బంగారు డాలు, అడుగున అలల నీలం పట్టీ, బంగాళాఖాతానికి గుర్తుగా, నడుమ సహజమైన రంగులో తాటాకు పాక, డాలు పైన నిలువుగా నాడె." నియమం తప్పానా, ముద్రాలేఖ గారూ?

ముద్రాలేఖ

తప్పలేదు. బంగారం మీద నీలం సరిపోయింది. సహజమైన రంగుకు మినహాయింపు ఉందని చెప్పాను కదా. ఒక్క సవరణ. లాంఛన వాక్యంలో "గుర్తుగా" అని అర్థం చెప్పరు. ఏముందో చెప్పి ఊరుకుంటారు. అర్థం ఊరివాళ్లు చెప్పుకుంటారు.

పాతసామాను

పడుగుపేక గారూ, ఒక మనవి. ఈ గిన్నె మీ నాన్నగారికి పంపించాలని ఉంది. నా దగ్గర అద్దాల బీరువాలో ఉండేకన్నా మీ తాతగారి నాడె పక్కన ఉంటే బాగుంటుంది. కాదంటే ఏమీ అనుకోను.

పడుగుపేక

నాన్నగారికి చదివి వినిపించాను. "పంపమను, అయితే ముందు ఒకటి అడుగు" అన్నారు. నాడెలోంచి వచ్చే దారం పేక. పిట్ట ముక్కు దాకా అది తెగకుండా గీశారా, లేక మధ్యలో ఎక్కడైనా ఆగిందా అని అడగమన్నారు.

పాతసామాను

ఇప్పుడే కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. వెంట్రుకంత సన్నగా ఉంది. పావురం రొమ్ము దగ్గర రంగు కాస్త వెలిసింది కానీ, దారం తెగలేదండి.